రెండో కొలిమి

స్ప్రింగులు చేసే చిన్న కార్ఖానాలో వెనక గది. కరెంటు కొలిమి చల్లారిపోయి ఉంది. దాని ముందు నిలబడి అక్కా తమ్ముడూ గుసగుసగా పోట్లాడుకుంటున్నారు. ముందు గదిలో ప్రభుత్వం తరఫున వచ్చిన ఆఫీసరమ్మ కూర్చుని ఉంది.

"గొంతు తగ్గించు. ఆవిడ అక్కడే ఉంది."

"తగ్గించానక్కా. ఇంకా తగ్గిస్తే నీకే వినపడదు."

"వేళాకోళాలు తరవాత. కొలిమిని వేడెక్కించే కాయిల్ దొరికిందా లేదా, అది చెప్పు ముందు."

"దొరకలేదు."

"దొరకలేదా, వెతకలేదా?"

"దొరకలేదన్నానుగా."

"ఇన్నాళ్ళూ కాలిపోయినప్పుడల్లా ఎక్కడెక్కడో తిరిగి తెచ్చేవాడివి. తెచ్చి నువ్వే బిగించి పోయేవాడివి. ఇవాళ ఏమొచ్చింది?"

"కాయిల్స్ చేసే ఆ బయటి దేశం వాళ్ళు పంపడం మానేశారక్కా. ఉన్నవన్నీ అయిపోయాయి. ఎక్కడని తెస్తాను?"

"కొలిమి వెలగకపోతే స్ప్రింగుకు పదును ఎక్కదురా. పదునెక్కని స్ప్రింగు నొక్కితే నొక్కినట్టే పడుంటుంది, పైకి లేవదు. దాన్ని తీసుకెళ్ళి ఆసుపత్రిలో వెంటిలేటర్‌కి వేస్తే లోపల పడుకున్నవాడి గతేంటి?"

"నాకు చెప్తావేంటి? నేనూ ఆ పనే చేస్తున్నాను."

"ఏ పని చేస్తున్నావు? తీగ చుట్టించి, బుట్టలో పోయించి, నా గుమ్మంలో దింపి పోతున్నావు. నీ స్ప్రింగులూ నా కొలిమిలోనే కాలుస్తున్నాను. నీలం పెట్టెలో పెడితే నావి, పసుపు పెట్టెలో పెడితే నీవి. పెట్టె రంగు తప్ప అందులో నీ పని ఏముందిరా?"

"సరే, తిట్టు. తీరిగ్గా తిట్టు. ముందు ఆవిడ సంగతి చూడు."

"ఆ గోలే చెప్తున్నాను. నా కొలిమి ఆగిపోయిందని కబురు అందగానే వచ్చింది. ఏం పర్వాలేదమ్మా, రెండో చోటు ఉందిగా, ఇక మొత్తం మీ తమ్ముడుగారే అందుకుంటారు అంది. నవ్వుతూ అంది."

"నువ్వేమన్నావు?"

"మంచినీళ్ళు తాగుతారా అన్నాను."

"మంచి పని చేశావు."

"ఎన్ని గ్లాసులు తాగిస్తానురా? ఆవిడ ఇక్కడి నుంచే ఫోను చెయ్యాలట. నువ్వు అందుకుంటానంటే, గోదాములో దాచిన స్ప్రింగులన్నీ ఇవాళే ఆసుపత్రులకు పంచేస్తారు. నీ దగ్గర నుంచి కొత్తవి వస్తాయని ధీమా. అందుకోలేనంటే పంచరు. ప్రాణం మీదికి వచ్చినవాళ్ళ కోసం అట్టే పెట్టి, ఈ లోపల బయటి దేశాల్లో వెతుక్కుంటారు. తెలుస్తోందా నీకు?"

"అవునను."

"ఏంటీ?"

"అందుకుంటాడని చెప్పెయ్. ఈ లోపల ఏదో ఒకటి చేస్తాను."

"ఏం చేస్తావు?"

"చేస్తాను."

"అదే, ఏం చేస్తావూ అని."

"చూస్తాను."

"చేస్తాను, చూస్తాను. పలక పట్టుకున్నప్పటి నుంచీ నీకు వచ్చినవి ఈ రెండు ముక్కలే."

"మరి కాదంటే ఏమవుతుందో నువ్వు ఆలోచించావా? రెండు చోట్లా తాళాలు పడతాయి. నీ దగ్గర పనిచేసేవాళ్ళు, నా దగ్గర పనిచేసేవాళ్ళు, అంతా వీధిలోకి వస్తారు. నన్నంటే పోనీ. నిన్ను తీసుకెళ్ళి ఎక్కడ నిలబెడతారో తెలుసా?"

"నా సంగతి నాకొదిలెయ్. నేనొకటి చెప్తాను విను. మా మేస్త్రిని నీతో పంపిస్తాను. వెళ్ళి నీ కొలిమి వెలిగించండి."

"నా కొలిమా?"

"నీదే. ఇద్దరికీ ప్రభుత్వం వాళ్ళు ఒకే లారీలో తెచ్చి దింపారు కదా, కవల పిల్లల్లాగా. నాది గొడ్డు చాకిరీ చేసి ఇలా మూలపడింది. నీది వాడితేగా! పెళ్ళికూతురిలా ఉండుంటుంది."

"మేస్త్రి అక్కర్లేదు."

"ఎందుకని? వేడి కుదర్చడం రావడం లేదు, స్ప్రింగులు పుటుక్కుమంటున్నాయి, అనేగా నువ్వు నా దగ్గరికి వచ్చింది? ఇదిగో, కుదిర్చేవాణ్ణి ఇస్తున్నాను."

"అక్కడ కరెంటు చాలదు."

"అదే కరెంటు నాకు చాలిందిగా."

"తలుపు సరిగ్గా పట్టదు."

"ఒక మనిషిని ఆనుకుని నిలబడమను."

"అక్కా, నీకు దండం పెడతాను. ఆ మాట వదిలెయ్."

"ఏం దాస్తున్నావురా?"

"ఏమీ లేదు."

"ఇటు తిరిగి చెప్పు."

"మీ మాటలకు అడ్డొస్తున్నానా? చాలాసేపయింది. లోపలికి రావచ్చా?"

"రండి మేడమ్, రండి. అక్కా, కుర్చీ..."

"కుర్చీలు వద్దు, మంచినీళ్ళు అంతకన్నా వద్దు. తమ్ముడుగారూ, మిమ్మల్ని చూస్తే ధైర్యంగా ఉందండీ. మొన్న పెద్దల ముందు మీ ఇద్దరి గురించే చెప్పాను. ముఖ్యమైన ఏ భాగమైనా మన దేశంలోనే తయారవ్వాలి, అదీ రెండు చోట్ల తయారవ్వాలి, ఒక చెయ్యి పడిపోతే రెండో చెయ్యి అందుకోవాలి, ఇదీ మన పథకం అన్నాను. ఎక్కడైనా అలా జరిగిందా అని ఒకాయన అడిగాడు. ఎందుకు జరగలేదూ, వెంటిలేటర్ స్ప్రింగుల్లో జరిగింది, అక్క ఒక చెయ్యి, తమ్ముడు ఒక చెయ్యి అన్నాను. చప్పట్లు కొట్టారు తెలుసా!"

"మీ దయ మేడమ్."

"దయకేముంది. చెప్పండి, ఇక మొత్తం మీరే అందుకుంటారుగా? ఫోను చేసేస్తాను."

"అంటే... కొంచెం..."

"కొంచెం?"

"కొంచెం సర్దుకోవాలి మేడమ్."

"సర్దుకోండి. అందుకుంటారా, అందుకోరా? నాకు ఒక్క మాట చాలు."

"అందు..."

"అందుకోలేడండీ."

"అక్కా!"

"నువ్వుండు. ఆ ఫోను పక్కన పెట్టండమ్మా. వాడివల్ల కాదు."

"అక్కా, నోరు మూసుకుంటావా!"

"మూసుకునే ఉన్నాను ఇన్నాళ్ళూ. పొద్దున దేవుడి ముందు నిలబడి చేతులు జోడించానురా. ఏమని అడగను? కొలిమి బాగు చెయ్యమనా, నా అబద్ధం బయటపడకుండా చూడమనా? ఏది అడిగినా ఆయనకి నవ్వొస్తుంది. అమ్మా, వీడి కొలిమి వెలిగి రెండేళ్ళ పైమాట. పసుపు పెట్టెల్లో మీకు వచ్చేవన్నీ నా కొలిమిలో కాల్చినవే."

"ఏమన్నారు?"

"రెండు చేతులు లేవమ్మా. ఒక్క చేత్తోనే ఇద్దరి సరుకూ ఇస్తున్నాం."

"అదెలా? నేను వచ్చి చూశాను కదండీ తమ్ముడుగారూ! ఎర్ర లైటు వెలుగుతోంది. ఫ్యాను రొద చేస్తోంది."

"లైటు వెలుగుతుంది మేడమ్. ఫ్యానూ తిరుగుతుంది."

"తలుపు తియ్యమంటే వేడి బయటికి కొడుతుందన్నారు!"

"అన్నానండీ."

"ముఖం కాలుతుందేమోనని నేను నాలుగడుగులు వెనక్కి కూడా వేశాను!"

"క్షమించండి మేడమ్."

"క్షమించడానికి నేనెవరిని? దీనికి మీ ఇద్దరి పక్కనా నేనూ నిలబడాలి. ఉండండి, ముందు ఇది ఆపాలి. హలో, నేనే. గోదాము సరుకు పంచకండి. లారీ ఎక్కించారా? అయితే దింపండి. ఎందుకో వచ్చి చెప్తాను. దింపమన్నాను కదా!"

"అమ్మయ్య."

"ఏంటమ్మా, అమ్మయ్య అంటున్నారు?"

"బరువు దిగినట్టుందమ్మా."

"దిగి నా నెత్తిన కూర్చుంది. చదువుకున్న మనిషిలా ఉన్నారు, దేవుడంటే భయం ఉన్నట్టుంది. ఎందుకు చేశారు ఈ పని?"

"రెండు చోట్లుంటేనే పని ఇస్తామన్నారు మీరు. వాడి చోటు పోతే నాదీ పోతుంది. తమ్ముడికి చేతకాకపోతే అక్క ఒక చెయ్యి వెయ్యకూడదా అనుకున్నాను. మొదట్లో సాయమే అనిపించింది. తరవాత తరవాత చూస్తే అది సాయంలా లేదు, ఏమనాలో తెలియలేదు. ఒక్కటి అడగనామ్మా, తప్పుగా అనుకోరుగా?"

"అడగండి."

"స్ప్రింగు మన దగ్గరే చెయ్యాలన్నారు, బాగుంది. స్ప్రింగుకు కొలిమి కావాలి, కొలిమికి కాయిల్ కావాలి. ఆ కాయిల్ ఎక్కడ చేస్తారు, అది రావడం ఆగిపోతే ఏమిటి అని మీలో ఎవరైనా అడిగారా? తెలియక అడుగుతున్నాను."

"లేదు. అడగలేదు. చప్పట్లు కొట్టినవాళ్ళూ అడగలేదు, నేనూ అడగలేదు."

"మరి ఎవరిదని తప్పు?"

"అది తేలడానికి చాలా కాలం పడుతుందిలెండి. ఇప్పుడు ఒక దారి కనిపిస్తోంది నాకు. తమ్ముడుగారి కొలిమి వెలగలేదన్నారు కానీ, పాడవ్వలేదుగా?"

"పాడవ్వడానికి ముట్టుకుంటేగా! ఈ మహానుభావుడి బద్ధకం పుణ్యమా అని నిక్షేపంలా ఉంది. అప్పుడు పెట్టిన కాయిల్స్ అప్పుడు పెట్టినట్టే ఉంటాయి."

"అయితే ఇంకేం? కారు బయటే ఉంది. మీ మేస్త్రిని పిలవండి. ఇప్పుడే వెళ్ళి వెలిగిద్దాం. సాయంత్రానికి ఒక బుట్ట స్ప్రింగులు పదునెక్కినా నేను పైవాళ్ళకి నిజం చెప్పి, మీకోసం కూడా ఒక మాట చెప్పగలను. రండి."

"వద్దు మేడమ్."

"మళ్ళీ ఏంటండీ?"

"వెళ్ళినా లాభం లేదు."

"ఎందుకు లేదు?"

"కొలిమి ఉంది. పైన డబ్బా ఉంది. లోపల ఏమీ లేదు."

"ఏమీ లేదంటే?"

"కాయిల్స్ లేవు. ఒక్కటీ లేదు."

"అమ్మేశావా?"

"అక్కా..."

"అమ్మేశావురా! ఊపిరాడనివాళ్ళ కోసమని నమ్మి చేతిలో పెట్టిన వస్తువు, అమ్ముకుతిన్నావు! నేనిక్కడ నీ బుట్టలన్నీ కాల్చి పెడుతూ, నీకు చేతకాదని జాలిపడుతూ, ఆవిడ ముందు నీ పాపం నా నెత్తిన వేసుకుంటుంటే, నువ్వు పిప్పి చేసి కూర్చున్నావా? మీ బావే ఉండుంటే ఈపాటికి నీ చెంప పగిలేది. దేనికి తగలేశావు? పేకాటకా?"

"నేను పేక ముట్టుకోనని నీకు తెలుసు."

"నాకేం తెలుసురా నీ గురించి! సోమరిపోతువనుకున్నాను. దొంగవనుకోలేదు."

"ఆగండమ్మా, కొట్టుకోవడానికి ఇప్పుడు తీరిక లేదు. ఇటు చూడండి, తమ్ముడుగారూ. పోలీసుల్ని పిలవను. కేకలు వెయ్యను. ఎవరి దగ్గరున్నాయో చెప్తే నేనే వెళ్ళి కాళ్ళు పట్టుకునైనా తెచ్చుకుంటాను. ఎవరికి అమ్మారు?"

"అమ్మలేదండీ."

"మరి ఏమయ్యాయి?"

"మీ వెనకే ఉన్నాయి, మసైపోయి. బావ పోయిన కొత్తలో అక్క కొలిమిలో మొదటి కాయిల్ కాలిపోతే, ఇది కూడా ఆరిపోతే నేనింక దేనికోసం లేవాలిరా పొద్దున్నే అంది. బయటెక్కడా దొరకలేదు, అప్పటి నుంచి నా కొలిమిలోంచి ఒక్కొక్కటే విప్పి తెచ్చి దీనికి బిగిస్తున్నానండీ, మొన్న కాలిపోయింది ఆఖరిది."