టోపీ ఏ చేత్తో తీశాడు

తొమ్మిది ఇన్నింగ్స్ ఆట. వాన ఐదోదాన్లో పట్టుకుంది. బంతి విసిరే దిబ్బ మీద పట్టా కప్పేసి కుర్రాళ్లు చూరు కిందికి పరిగెత్తారు. మైదానం పక్కన హాంబర్గర్లు వేయించి అమ్మే రేకుల షెడ్డులో ఆర్లీన్ తుడిచిన బల్లనే మళ్లీ తుడుస్తోంది.

ఎల్కోవా ఊరి బేస్‌బాల్ జట్టుకి కమిటీ అంటే ముగ్గురే. దాణా మిల్లు హ్యూబర్ట్, పాల డెయిరీ క్లారెన్స్, పోయిన భర్త కుర్చీలో ఆర్లీన్. ముగ్గురూ షెడ్డులోనే ఉన్నారు. వాళ్ల మధ్య, కాఫీ పొడి అర కింద, డెల్మర్ కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ల కింద ఈ దిబ్బ మీద నిలబడి ఊరికి కప్పు తెచ్చిపెట్టినవాడు. అతని ఫొటో ఇప్పటికీ బార్లో ఉంది, మంగలి షాపులో ఉంది, చర్చిలో కాఫీ కూజా పైన కూడా ఉంది.

మేనేజర్ లెరాయ్ గుండె బాగాలేక బుధవారం మానేశాడు. ఎవరు ఆడాలో, ఎవర్ని ఎప్పుడు దిబ్బ మీంచి దింపాలో చెప్పే దిక్కు లేదు. వాన ఆగేలోపు తేల్చాలి. డెల్మర్‌ని పెడదామని హ్యూబర్ట్, వద్దని క్లారెన్స్. మిగిలింది ఆర్లీన్ ఓటు. వాన వచ్చినప్పుడు దిబ్బ మీద ఉన్నది ఆమె కొడుకు వేన్. పందొమ్మిదేళ్లు. వాన ఆగాక మళ్లీ వాడే విసరాలా వద్దా అన్నది కొత్త మేనేజర్ చెప్పాలి.

"వీడంటే ఊరికి ప్రాణం. అందుకే వద్దంటున్నా," అన్నాడు క్లారెన్స్. "మేనేజర్ అన్నాక ఓడిన మర్నాడు తిట్టాలి. వీణ్ణి తిట్టడానికి నాకు నోరు రాదు."

"ఓడితే కదా!" అన్నాడు డెల్మర్, ఎడమచేత్తో కాఫీ కప్పు తిప్పుతూ. "పెర్ల్ క్రీక్ ఊరి జట్టు మీద పద్నాలుగు ఇన్నింగ్స్ నేనొక్కణ్ణే విసిరాను. గొప్పకి చెప్పడం లేదు. గొప్పలు చెప్పుకునే అలవాటు నాకు లేదు, మీకు తెలీందేముంది?"

"మాకు తెలీదు," అన్నాడు క్లారెన్స్.

"స్కోరు పుస్తకంలో పదకొండని ఉందిరా," హ్యూబర్ట్ గొణిగాడు.

"పదకొండో దాని దగ్గర రాసేవాడి పెన్సిల్ అరిగిపోయింది, హ్యూబర్ట్! చెక్కుకోడానికి చాకు కోసం ఇంటికెళ్లాడు, వచ్చేసరికి ఇరవై రెండు."

"ఇందాక పద్నాలుగన్నావు?"

"పద్నాలుగు జనం చూసినవి. మధ్యలో పాలు పితకడానికి ఇళ్లకి వెళ్లొద్దా మరి? ఆదివారమని ఆవు ఊరుకుంటుందా? వెళ్లారు, పితికారు, వచ్చారు, నేనింకా విసురుతూనే ఉన్నాను. మర్నాడు పొద్దున్న ఇక లాభం లేదని ఆవుల్నే కంచె దాకా తోలుకొచ్చేశారు, బకెట్లు ఇక్కడే, కళ్లు నా మీద, చేతులు పొదుగు మీద. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా విసురుకి లేచిన గాలికి బకెట్లలో పాలు వాటంతటవే చిలికి వెన్న తేలిపోయింది. క్లారెన్స్, మీ నాన్న ఆ వారం డెయిరీ మూసుకున్నాడా లేదా?"

"ఆ వారం మా నాన్న మా అత్త పెళ్లికెళ్లాడు."

"అదే నేనూ చెప్తున్నా. ఇక్కడ ఆయనకి పనేముంది?"

హ్యూబర్ట్ పొట్ట పట్టుకుని నవ్వాడు. చూరు కింద తడుస్తున్న కుర్రాళ్లు ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ కిటికీ దగ్గరికి చేరారు. ఆర్లీన్ వాళ్ల తలల మీదుగా చూసింది. వేన్ అక్కడ లేడు. మైదానం అవతల, ఆటగాళ్ల బెంచీ ముందు, ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు నడుస్తున్నాడు. వాన మొదలైనప్పట్నుంచీ అదే నడక. ఆమె గుడ్డ పిండి మళ్లీ బల్ల తుడిచింది.

"ముప్పయ్యో ఇన్నింగ్స్‌కి బంతి అరిగి అక్రోటు కాయంత అయింది," డెల్మర్ గొంతు పెంచాడు. "బ్యాట్ పట్టినవాడికి కనపడదు. చెవి రిక్కించి వినాలి. విని ఊపేసరికి బంతి వాడి వెనక కూర్చుని పట్టే మన ఎల్మర్ చేతిలో ఉంటుంది. పట్టీ పట్టీ వాడి అరచెయ్యి ఎంత కాలిందంటే, ఆ చలికాలమంతా వాళ్లావిడ పొయ్యి వెలిగించలేదు. గుడ్లు వాడి చేతిలోనే పగలగొట్టి వేయించింది."

"పాపం ఎల్మర్," అన్నాడు క్లారెన్స్. "చచ్చిపోయాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే సాక్ష్యం అడిగేవాణ్ణి."

"అడుగు, పైకెళ్లినప్పుడు అడుగు! అప్పుడు పడింది వాన. ఇదీ ఒక వానేనా? ఆ వానకి చేపలు మూడో బేస్ మీదుగా ఈదుకుంటూ పోయాయి. అంపైర్ ఆపేస్తానన్నాడు. ఉండండి సార్ అని, చినుక్కీ చినుక్కీ మధ్య సందు చూసుకుని విసిరాను. బంతి పొడిగా చేరింది! ఒక్క చుక్క తగల్లేదు! పెర్ల్ క్రీక్ వాళ్లు ఆ బంతి అడిగి తీసుకుని దాంతో మొహాలు తుడుచుకున్నారు."

కిటికీ అవతల కుర్రాళ్లు ఈలలు వేశారు.

"ఓట్టో నిన్ను దింపలేదా?" అంది ఆర్లీన్. అప్పటిదాకా ఆమె నోరు విప్పలేదు.

"అప్పటి మేనేజరేగా? వచ్చాడు. మూడుసార్లు దిబ్బ దాకా నడిచొచ్చాడు. చెయ్యెలా ఉందిరా అన్నాడు. పర్వాలేదన్నాను. మూడుసార్లూ అదే మాట."

ఎల్కోవాలో ఆ మాట అంటే ఎదుటివాళ్లు ఇంకేం అడగరు. మొక్కజొన్న కోసే యంత్రంలో వేలు పోయినవాడూ పర్వాలేదనే అంటాడు. ఛాతీ పట్టుకుని ట్రాక్టర్ మెట్టు మీద కూర్చుండిపోయిన రోజు ఆర్లీన్ భర్త కూడా అదే అన్నాడు. ఆమె సరేనని లోపలికెళ్లి బంగాళాదుంపలు ఉడకబెట్టింది.

"నొప్పా? నాకా?" అన్నాడు డెల్మర్. "ఆ చెయ్యి ఇంకా నాలుగంగుళాలు సాగింది. మా అమ్మ నా చొక్కాలన్నిటికీ కుడిచెయ్యికి గుడ్డ అతికింది. ఇప్పుడూ అంతే ఉంది. ఇక్కణ్ణుంచి ఒక్కటి విసిరానంటే పెర్ల్ క్రీక్ చర్చి గంట మోగాల్సిందే. అది విని వాళ్లు భోజనాలకి లేస్తారు, ఫాదర్ నాకు చేతులు జోడించి..."

"డెల్మర్," అంది ఆర్లీన్. "నీ వెనక పై అరలో కాఫీ పొడి డబ్బా ఉంది. అందుకో."

అతను లేచాడు. ఎడమచెయ్యి చాపాడు.

"కుడిచేత్తో."

వాన రేకుల మీద పడుతోంది. డెల్మర్ కుడిచెయ్యి భుజం దాకా లేచింది. అక్కడ ఆగింది. ఇంకో అంగుళం కోసం అతను మునివేళ్ల మీద లేచాడు. డబ్బా ఇంకా జానెడు పైనే ఉంది. నవ్వు మాత్రం మొహం మీదే ఉండిపోయింది. తర్వాత అదీ పోయింది.



"పదకొండే," అన్నాడు డెల్మర్, కూర్చుంటూ. "చెయ్యి తొమ్మిదో దాన్లోనే పోయింది. ఓట్టో మూడుసార్లు అడిగాడు చూడు, ఆ ముక్క నిజం."

"దిగమంటే దిగనివాడివి నువ్వు," అంది ఆర్లీన్. "నా కొడుకుని దింపుతావా?"

డెల్మర్ కాఫీ కప్పు పక్కకి జరిపాడు. "నాలుగో ఇన్నింగ్స్‌లో చెమట తుడుచుకోడానికి మీవాడు టోపీ ఏ చేత్తో తీశాడో చూశావా?"

"నేనప్పుడు ఉల్లిపాయలు వేయిస్తున్నాను."

"కుడిచేతి వాటంవాడు కుడిచేత్తో తీస్తాడు. భుజం లేవకపోతే ఎడమచేత్తో తీస్తాడు. ఎవరూ గమనించరనుకుంటాడు. ఆ తర్వాత ఆడిన రెండేళ్లూ నేను అలాగే తీశాను. ఓట్టో నా నోటి మాట విన్నాడు గానీ నా టోపీ చూడలేదు."

రేకుల మీద చప్పుడు పలచబడింది. కుర్రాళ్లు పట్టా తీయడానికి పరిగెత్తారు. వాళ్లకి ఎదురుగా వేన్ బురద తొక్కుకుంటూ వచ్చి కిటికీలోంచి తల పెట్టాడు.

"అమ్మా, ఆగిపోయింది. నేను చెయ్యి వేడెక్కించుకోవాలి. ఇంకా తేల్చలేదా మీరు?"

"చెయ్యెలా ఉంది నాన్నా?"

"పర్వాలేదమ్మా."

అని, నీళ్లు దులపడానికి టోపీ తీశాడు. ఎడమచేత్తో.

ఆర్లీన్ బల్ల అంచు పట్టుకుంది. హ్యూబర్ట్ ఆమెకేసి చూశాడు. క్లారెన్స్ తల దించుకున్నాడు.

"నా ఓటు డెల్మర్‌కి," అంది.

"ఓడితేనో?" అన్నాడు క్లారెన్స్ మెల్లగా.

"నేను తిడతాను. నాకు నోరొస్తుంది."

డెల్మర్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. "వేన్, కోటు వేసుకో. ఇవాళ్టికి నువ్వు దిగిపోయావు."

"పర్వాలేదంటున్నానుగా!"

"ఆ మాట నా దగ్గర అనకు బాబూ. దాన్ని నేను నీకంటే బాగా అంటాను."

వేన్ తల్లి వంక చూశాడు. ఆమె కళ్లు తిప్పుకోలేదు. వాడు టోపీ బురదలో కొట్టి వెళ్లిపోయాడు. ఏ చేత్తో కొట్టాడో ముగ్గురు మగవాళ్లూ చూశారు. డెల్మర్ వంగి ఆ టోపీ తీసి, మోకాలికేసి దులిపి, వాడి వెనకే మైదానంలోకి నడిచాడు.

ఆర్లీన్ పీట ఎక్కి పై అరలోంచి కాఫీ పొడి డబ్బా తీసింది. తిరిగి అక్కడ పెట్టలేదు. నడుమెత్తు బల్ల మీద, కుడిచెయ్యికి అందేచోట పెట్టింది.