రెండు గుమ్మాల వంతెన

2011 సెప్టెంబరు 23, శుక్రవారం, మధ్యాహ్నం. స్విట్జర్లాండులో ఎమ్మే నది మీద లారీల కోసం కొత్తగా కట్టిన కర్రవంతెన. దాని పైకప్పు కింద. హాజరైనవారు ముగ్గురు: వడ్రంగి మేస్త్రీ నిక్లాస్ జౌగ్, దూలాల మీద అక్షరాలు చెక్కే అతని భార్య ఎల్స్‌బెత్, వంతెనకు లెక్కలు కట్టిన ఇంజినీరు రెగూలా హోఫర్.

“చెక్కనన్నాను. ఎన్నిసార్లు అడిగినా చెక్కను.”

“ఎల్లుండి ప్రారంభోత్సవం, ఎల్సీ. రెండు పేర్లు, ఒక సంవత్సరం. అంతేగా.”

“అంతేనా? మన ఇంటి గుమ్మం మీద ఏముంది, నిక్లాస్?”

“మా తాత పేరు.”

“ఇంకా?”

“మా నాయనమ్మ పేరు. సంవత్సరం.”

“ఈ లోయలో ఏ గుమ్మమైనా అంతే. మొగుడు, పెళ్ళాం, కట్టిన ఏడాది. ఇక్కడేమో నిక్లాస్, రెగూలా అని పక్కపక్కన చెక్కాలి. వందేళ్ళ తర్వాత చూసినవాళ్ళు, అబ్బ, ఎంత చక్కని జంటో అనుకోవాలి. మీ ఇద్దరికీ నా ఉలితో నేనే పెళ్ళి చేయాలి.”

“ఎల్స్‌బెత్ గారూ, నా పేరు తీసేయండి. నాకేం పట్టింపు లేదు.”

“మీరు ఊరుకోండి, ఇంజినీరమ్మా. తీసేస్తే ఊళ్ళో నన్ను కుళ్ళుమోతుదంటారు.”

“అంటే, కాదా...”

“ఏమన్నావు, నిక్లాస్?”

“ఏం లేదు. దూలాల్లో దిగగొట్టే కర్రచీల చెక్కుతున్నాను.”

“రెండేళ్ళుగా వింటున్నాను. రెగూలా గారి లెక్క ప్రకారం, రెగూలా గారు ఒప్పుకుంటేగాని. నలభై టన్నుల లారీ ఎక్కితే వంతెన ఎంత వంగుతుందో ఆవిడకు తెలుసు. ఆవిడ కనిపిస్తే నువ్వెంత వంగుతావో నాకు తెలుసు.”

“పని గురించి మాట్లాడుకున్నాం, ఎల్సీ. పని గురించే.”

“ఆదివారాలు కూడానా?”

“ఆదివారం... నదిలో నీళ్ళు పెరిగాయని.”

“వాన లేకుండానే.”

“ఈ చీల ఇంకాస్త చెక్కాలి.”

“సరే, వినండి. వంతెనకు రెండు గుమ్మాలున్నాయి. చెరో గుమ్మం మీద చెరో పేరు చెక్కుతాను. మధ్యలో యాభై ఎనిమిది మీటర్ల నది.”

“బాగుంది. ఊరివైపు గుమ్మం మీద నా పేరు. అవతల, కోతమిల్లు వైపు, ఆవిడ పేరు.”

“అంత త్వరగా ఒప్పుకున్నావేం?”

“నువ్వేగా అడిగావు.”

“నువ్వు మాట మారుస్తావు. కాగితం మీద పెట్టు.”

“పనివాళ్ళ పేర్ల కాగితం ఎటూ చివరి చీల కన్నంలో పెడతాంగా. దాని కిందే రాస్తాను. జౌగ్, ఊరివైపు. హోఫర్, మిల్లువైపు.”

“ఇది ఎవరూ మార్చకూడదని కూడా రాయి.”

“రాశాను. ఇదిగో నా సంతకం.”

“ఇది నాది. మీరూ పెట్టండి, ఇంజినీరమ్మా.”

“పెట్టాను. కానీ ఎల్స్‌బెత్ గారూ, ఒక్క మాట. ఈయన పనిశాల మిల్లు వైపే కదా?”

“అవును. పొద్దున వెళ్ళి సాయంత్రం వస్తాడు. అయితే?”

“అయితే రోజూ సాయంత్రం మీ ఇంటికొస్తూ, వంతెన ఎక్కేచోట ఈయన తలెత్తి చదివేది నా పేరేనండీ.”

“నిక్లాస్. ఆ కాగితం ఇటివ్వు.”

“మడతపెట్టి కన్నంలో పెట్టేశాను, ఎల్సీ. చీల కూడా దిగగొట్టేశాను. ఇక వంతెన విప్పితేగాని బయటికి రాదు.”