ఫెర్రీ ఎక్కని ఇన్‌స్పెక్టర్

అధ్యక్షులు సాంబశివరావు మాస్టారికి, వేదిక మీదున్న పెద్దలకు, రేపటి నుంచి నా కుర్చీలో కూర్చోబోయే ఝాన్సీలక్ష్మి గారికి, చౌల్దారీ నుంచి, బతు బస్తీ నుంచి పనులు మానుకుని వచ్చిన మీ అందరికీ ఈ వీరరాఘవయ్య నమస్కారాలు. ఇరవై రెండేళ్లు ఈ దీవుల్లో ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరుగా ఉండి యజమానులందరి చేతా తిట్లు తిన్నవాణ్ని కాబట్టి, ఇవాళ ఇందరు పొగుడుతుంటే ఇదెవరి గురించోనని వెనక్కి తిరిగి చూశాను. (నవ్వులు)

మాస్టారు నన్ను మచ్చలేని అధికారి అన్నారు. పెద్దవారి మాటకు ఎదురు చెప్పకూడదు గానీ, దానికి తలూపి శాలువా కప్పించుకుంటే ముందు వరుసలో కూర్చున్న అప్పలకొండ ముఖం చూడలేను.

నేను వచ్చిన కొత్తలో, అంటే అరవై మూడులో, చాతం రేవులో ఫెర్రీ ఎక్కి అవతలి గట్టున ఒక ప్రైవేటు కలప కోత మిల్లుకు తనిఖీకి వెళ్లేవాణ్ని. అది ఎప్పుడో మూతపడింది, పేరెందుకు లెండి. ఎప్పుడు వెళ్లినా ప్రతి రంపం మీదా ఇనప కవరు బిగించి ఉండేది, మేనేజరు కొబ్బరి బొండం చేతిలో పెట్టేవాడు, నేను 'అన్నీ సక్రమం' అని రాసి సంతకం పెట్టి మధ్యాహ్నం ఫెర్రీకి తిరిగొచ్చేవాణ్ని. నా అంతటి సమర్థుడు లేడని నా నమ్మకం. మా ఆవిడ ప్రమీల కూడా అప్పట్లో అలాగే నమ్మేది. (నవ్వులు)

అలా ఒకసారి సంతకం పెట్టిన తొమ్మిదో రోజున, ఆ మిల్లులో రంపం కింద అప్పలకొండ కుడి చెయ్యి మణికట్టు దాకా పోయింది. కవరు అతనే తీసేశాడని కంపెనీ వాదించింది. అందుకు చూపించిన సాక్ష్యం నా రిపోర్టే.

ఆసుపత్రి వరండాలో అతని భార్య గురమ్మ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "బాబూ, మీరు చాతంలో ఫెర్రీ ఎక్కితే మిల్లుకాడికి కనబడతాది గదా. మీరు దిగీలోగా కవర్లు బిగించీస్తారు, మళ్లీ ఎక్కగానే తీసీమంటారు, కవరుంటే పని జోరుగా సాగదని. సాహెబ్ రోజూ వస్తే బాగుణ్ణని మావోడు అనీవోడు" అంది.

మర్నాడు నేను జోగులు చేపల పడవ ఎక్కాను. అదుగో, తలుపు దగ్గర నిలబడ్డాడే, కుర్చీ ఇచ్చినా కూర్చోడు, అతనే. "భయ్యా, మిల్లు వెనకాల దింపుతావా" అంటే, "జల్దీ ఎక్కండి సార్, ప్యాంటు మడవండి" అన్నాడు తప్ప ఎందుకని అడగలేదు. వలల మధ్య కూర్చుని వెళ్లి, మడ చెట్లలోంచి బురదకాళ్లతో మిల్లు లోపలికి అడుగుపెడితే ఆరు రంపాలు కవర్లు లేకుండా తిరుగుతున్నాయి. అక్కడే నిలబడి ఆపించాను.

దానికంటే కష్టమైన పని ఇంకోటి ఉంది. అప్పలకొండ నష్టపరిహారం కేసు విచారణలో లేచి, నా రిపోర్టు తప్పు, చూపించినది చూసి సంతకం పెట్టాను, అని చెప్పాను. ఉద్యోగం ఊడుతుందని స్నేహితులు భయపెట్టారు. రెండు ప్రమోషన్లు పోయాయి, ఉద్యోగం మాత్రం నిలిచింది. అప్పలకొండ గెలిచాడు. చెయ్యి తిరిగి రాలేదు.

ఆ తర్వాత ఏనాడూ నేను తనిఖీకి ఫెర్రీ ఎక్కలేదు. టిక్కెట్టు లేకుండా సముద్రం ఎలా దాటారని పైఆఫీసు అడిగిన ఉత్తరాలు ఒక కట్ట ఉన్నాయి, ఝాన్సీలక్ష్మి గారూ, వాటికి జవాబు మీరే రాసుకోవాలి. (నవ్వులు) కానీ ఒక్క మాట గర్వంగా చెబుతాను. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆ గట్టున ఏ మిల్లులోనూ రంపం కింద ఒక్క చెయ్యీ పోలేదు.

చట్టం పుస్తకం మీ టేబిలు మీద పెట్టాను, అమ్మా. అందులో అన్నీ ఉన్నాయి, ఎలా వెళ్లాలన్నది తప్ప. జోగులు పడవ ఏ వేళకు బయలుదేరుతుందో నేనిక్కడ చెప్పను, హాల్లో మేనేజర్లు ఉన్నారు. (నవ్వులు) అతన్నే అడగండి. చీర కొంచెం తడుస్తుంది.

ఇందాక మీరంతా చప్పట్లు కొడుతున్నప్పుడు అప్పలకొండ ఎడమ చేత్తో ముందున్న బల్ల మీద చరిచాడు. అన్ని చప్పట్లలోనూ ఆ చప్పుడు నాకు విడిగా వినపడింది. అందుకు కృతజ్ఞుణ్ని. సెలవు.