కూజా మీది మూడో అక్షరం

ఫిలడెల్ఫియాలో వెండిపని చేసే డన్మోర్ దుకాణం. చనిపోయిన అక్క బిడ్డను చంకనేసుకొని వచ్చిన టిష్, కంబళిగుడ్డ విప్పి ఒక కూజాను బల్ల మీద పెట్టింది.

"మీ చేతిపనే కదా? కాదనకండి, అడుగున మీ ముద్ర ఉంది."

"నేనెందుకు కాదంటానమ్మా? ఆ నడుము చూడండి, పాతకాలం రోమను జాడీకి తీసిపోతుందా? పిడి మీద ఆ హంస తలకే వారం పట్టింది."

"హంస సంగతి నాకెందుకు? పొట్ట మీద అక్షరాలు చదవండి."

"మామూలేగా. పైన ఇంటిపేరు. కింద ఒక పక్క భర్త, ఒక పక్క భార్య."

"చదవమన్నాను."

"పైన ఎ, యాష్‌మీడ్. కింద సి, కేలబ్. మీ బావగారే."

"ఆ పక్కన?"

"... ఎల్."

"మా అక్క పేరు ఫీబీ. ఈ ఎల్ ఎక్కణ్ణించి ఊడిపడింది?"

"పాపకి పళ్ళొస్తున్నట్టున్నాయే! ఆ గుడ్డ ఒకటే నమలడం..."

"మాట మార్చకండి. పాప ఉన్నిబట్టల కోసం పెట్టె అడుగుదాకా వెదికితే దొరికింది ఇది. ఎప్పుడు చేయించారు?"

"ఎప్పుడంటే... షాడ్ చేపలు పడే రోజులు."

"అంటే ఏప్రిల్. మా అక్క పోయింది జూలైలో. బతికున్న మనిషి చోట ఇంకొకత్తె పేరు చెక్కారా? చెయ్యెలా ఆడిందండీ?"

"నెమ్మదమ్మా, పాప బెదురుతుంది."

"మా అక్కకి పొద్దున మందూ, సాయంత్రం బార్లీ నీళ్ళూ పోసిందెవరో తెలుసా? పనిమనిషి లోయిస్. ఎల్!"

"లోయిసా? అయ్యో, ఆ పిల్ల..."

"ఆ పిల్లే! మా బావ ఎదురైతే తల వంచుకుని తప్పుకుంటుంది. ఎందుకో ఇప్పుడర్థమైంది. ఆ బార్లీ నీళ్ళలో ఏం కలిపిందో ఏమో!"

"అంత మాటనకండి."

"అంటాను. రేపు పొద్దున్నే పాపని తీసుకుని లాంకాస్టర్ బండెక్కుతున్నాను. ఆ గడప మళ్ళీ తొక్కను, ఆ తండ్రికి బిడ్డ మొహం చూపించను. 'టిష్, పాప నీదే' అని నా చెయ్యి పట్టుకుని పోయింది మా అక్క."

"టిష్ అంటే మీరేనా?"

"నేను కాకపోతే ఇంకెవరు? వెండి ఎక్కడిది?"

"పాత వెండే కరిగించాం. ఒక టీ పాత్ర, ఆరు చెంచాలు. వెనక గవ్వ బొమ్మ ఉన్నవి."

"గవ్వ బొమ్మా! అవి మా అమ్మవండీ! నాకు మూడు, అక్కకి మూడు. నావి కూడా అక్క దగ్గరే దాచుకున్నాను. అవి కరిగించి దానికి కూజా చేయించాడా!"

"చేయించాడని నేనన్నానా?"

"మరి?"

"మాటిచ్చానమ్మా. ఏడాది తిరిగేదాకా నోరు మెదపనని."

"ఎవరికిచ్చారు? మా బావకేగా?"

"ఆయనకీ సంగతే తెలీదు."

"ఇంకా ఆయన్నే వెనకేసుకొస్తారేం? చెప్పకపోతే ఇటునుంచి ఇటే మేజిస్ట్రేటు దగ్గరికి పోతాను."

"వద్దొద్దు, ఆగండి... ఆ రోజు అదిగో, ఆ కుర్చీలోనే కూర్చుందామె. మూడు మెట్లెక్కడానికి రెండుసార్లు ఆగింది. నోటికి చేతిరుమాలు అడ్డం."

"ఎవరు?"

"మీ అక్కే. చెంచాలు ఒళ్ళో పోసుకుంది. 'మూడు నావి, మూడు తనవి. కలిపి కరిగించండి' అంది."

"అక్కా? అక్కే... ఎల్ అని..."

"ఎల్ అంటే ఎవరమ్మా అనడిగాను. 'మా చెల్లెలు లెటీషియా. చిన్నప్పట్నుంచీ అందరూ టిష్ టిష్ అంటే, తనకో పేరుందనే మరిచిపోయింది మొద్దు' అని నవ్వింది."