బాలింత తలనొప్పిని తేలిగ్గా తీసుకోని మైథిలిగారు

1992 ఆగస్టు 17వ తేదీన రేపల్లె ప్రభుత్వ ఆసుపత్రిలో స్త్రీల వైద్యురాలిగా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించిన డాక్టర్ మైథిలిగారు, తెనాలిలో సంస్కృతం బోధించిన జగన్నాథంగారి కుమార్తె. తండ్రిగారి ఓర్పు, తల్లి సీతారావమ్మగారి గట్టి గొంతు ఆమెకు సమపాళ్లలో సంక్రమించాయని, ఆసుపత్రిలో ఆమె కింద పనిచేసి చివాట్లు తిన్న మేమంతా ఏకగ్రీవంగా అంగీకరిస్తాము.

రేపల్లె నుంచి తెనాలికీ, అక్కణ్ణుంచి బాపట్లకూ బదిలీ అయినా ఆమె పద్ధతి మారలేదు. కాన్పు సుఖంగా జరిగిందని అందరూ ఊపిరి పీల్చుకున్నాకే ఆమె అసలు జాగ్రత్త మొదలయ్యేది. పురిటి తరువాత అరుదుగా మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టే జబ్బును పసిగట్టి నయం చేయడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. బాలింతకు తలనొప్పి అంటే చాలు, తింటున్న అన్నం వదిలి లేచేవారు.

ఎనిమిదేళ్ల క్రితం నిజాంపట్నం నుంచి తులసి అనే బాలింతను బాపట్ల తీసుకొచ్చారు. కాన్పయినప్పటి నుంచీ విపరీతమైన తలనొప్పి, ఆ ఉదయం మూర్ఛ. అమ్మమ్మ పున్నమ్మగారు గాలి సోకిందని చెవుల్లో దూది పెట్టి, పథ్యం పేరిట మంచినీళ్లు సైతం గుక్కెడే పోశారు. స్కానింగులో గడ్డ కనిపించింది. రక్తాన్ని పలచబరిచే ఇంజెక్షను వెంటనే ఇవ్వాలంటే పున్నమ్మగారు అడ్డం తిరిగారు.

“పురిటి రక్తమే ఇంకా ఆగలేదు, పైగా పల్చబడే సూదేంటండీ? పిల్లని చంపేస్తారా ఏంటి?”

మైథిలిగారు ఆ పూట గొంతు తగ్గించారు. “భయం నాకూ ఉంది పిన్నిగారూ. రక్తం ఎక్కువ పోతే ఆపడానికి నేనున్నాను. తలలో గడ్డ పెరిగితే మాత్రం నా వల్ల కాదండి.”

తన వల్ల కాదని ఒప్పుకునే డాక్టరును పున్నమ్మగారు అంతకుముందు చూడలేదు కాబోలు, సరేనన్నారు. ఇక మైథిలిగారి ప్రాణం ప్రాణంలో లేదు. ఒప్పించింది తానే కదా! మంచం పక్కనుంచి కదిలితే ఒట్టు. మర్నాడు తులసి కళ్లు తెరిచి దాహమంది. గ్లాసు అందుకున్న పున్నమ్మగారు మళ్లీ గుక్కెడే పోయబోయారు.

“నీళ్లు తక్కువైతే రక్తం చిక్కబడుతుందండి. మీ చేత్తోనే తాగించండి,” అన్నారు డాక్టరుగారు. పున్నమ్మగారు ఏడుస్తూనే తాగించారు.

మైథిలిగారి కోసం మేము తెస్తున్న ఈ అభినందన సంచికకు నాలుగు మాటలు చెప్పమంటే పున్నమ్మగారు, “నా ఆయుష్షు కూడా పోసుకుని చల్లగా ఉండాలండి ఆ తల్లి. ముసలిదాన్ని, నాదెంత మిగిలిందిలే అంటారా, మా తులసికి ఆవిడ పోసింది బోలెడుంది, అందులోంచి తీసుకోమనండి!” అన్నారు. మైథిలిగారు సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని కోరేందుకు మేము ఏరి తెచ్చుకున్న సమాసాలన్నీ ఆ మాట ముందు వెలవెలబోయాయి గనుక, ఆ దీవెనకే మేమంతా తథాస్తు అంటున్నాము.