సప్పుడు లేని వయొలిన్

టీవీ సౌండు సున్నా మీద ఉంది, అయినా జపాన్ బొమ్మల సీరియల్‌లో పిల్ల వాయిస్తున్న వయొలిన్‌కు బాపు మైమరచి తల ఊపుతున్నాడు. కూతురు ప్రవళిక వంటింట్లోంచి అది చూసింది. వచ్చి ఆయనకు ఎదురుగా నిలబడింది.

"పాటెట్లుంది బాపూ?"

"మస్తుంది బిడ్డా. జర పక్కకు జరుగు."

"ఫోనొస్తే సౌండు నేనే బంద్ చేసిన. పావుగంటాయె."

"నాకు తెల్వదా? ఊకె పరాచికాలాడిన."

"సన్న సప్పుడు నీకు ఇనవడ్తలేదు. నువ్వు పనిచేసే బొగ్గు బాయిల పేల్చే ముందు సీటీ ఊదుతరు గదా, గదన్న ఇనవడ్తుందా?"

"గా ముచ్చట కంపెనీ డాక్టర్‌కు చెప్పకు. రేపటి సంది బాయిల దిగనియ్యరు."

"అడిగింది చెప్పు బాపూ!"

"ఇనవడ్తలేదు బిడ్డా. ఇంట్ల నీ మొఖం చూసి తల ఊపుతున్న. బాయిల పక్కోని మొఖం చూసి ఉరుకుతున్న."