ఎర్ర చీటీ

పంతొమ్మిదో శతాబ్దం చివర, ఇంగ్లండులోని లాంకషైర్‌లో నూలు మిల్లుల ఊరు. సాయంత్రం పని దిగగానే, తలకంటిన దూది పీచైనా దులుపుకోకుండా ఒకామె మందుల షాపుకొచ్చి, దగ్గుమందు సీసా తిరిగి బల్ల మీద పెట్టింది.

“ఇది నాకొద్దండీ. పాతదే ఇప్పించండి.”

“నువ్వెప్పుడూ పట్టుకెళ్లేదేగా అమ్మా.”

“ఎర్ర చీటీ అంటించారు. నాకు చదువు రాదనుకున్నారా? ‘విషం’ అని ఉంది.”

“అంటించి తీరాలని కోర్టు తీర్పొచ్చింది.”

“విషం కలపమందా కోర్టు? బాగుంది.”

షాపాయన నవ్వబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు.

“కొత్తగా ఏమీ కలపలేదమ్మా. ఇందులో నల్లమందు ఎప్పుడూ ఉన్నదే. ఇప్పుడు పైకి చెప్పమన్నారు, అంతే.”

“వెనక అరలో చీటీ లేనిది ఒకటుంది. అదివ్వండి.”

“అదీ ఇదే మందు. సరే, నీ దగ్గెలా ఉంది?”

“నాకు దగ్గెక్కడిది? మా చిన్నాడికి. నేను మిల్లుకెళ్లేముందు ఓ చెంచా పట్టి, పక్కింటి ముసలమ్మ దగ్గర పడుకోబెట్టి పోతాను.”

పాత సీసా మీదికి వెళ్లిన ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

“ఎప్పట్నుంచి?”

“నేను మళ్లీ పనిలో చేరినప్పట్నుంచి. వాడంత బుద్ధిమంతుడు మా వీధిలోనే లేడండీ. ఆకలేసినా ఏడవడు. అందరూ నన్ను చూసి కుళ్లుకుంటారు.”

ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, బల్ల మీది సీసాను ఆమె వైపు తిప్పాడు. ఆమె చూపు మెల్లగా ఎర్ర చీటీ మీదికి వెళ్లింది.

“పొద్దున ఎంత లేపినా లేవలేదు,” అంది. “మంచి నిద్రలో ఉన్నాడనుకున్నాను.”

ఆయన షాపు తాళాలు తీసుకుని బల్ల దాటి వచ్చాడు.